ఇగ్వానాకి జబ్బు చేస్తే ముందు దాని పెట్టె చూడండి

బల్లి ఒంటిమీద ఎక్కడ పడితే ఏం ఫలితమో మన పంచాంగాల్లో అవయవాల వారీగా రాసి ఉంటుంది. అదే బల్లికి ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలో తెలుగులో వెతికితే నాకు ఒక్క పేజీ కూడా దొరకలేదు. అందుకే ఈ వ్యాసం.

మా సీనియర్ అన్న ఒకాయన ఎమ్మెస్‌కి వెళ్తూ తన ఆకుపచ్చ ఇగ్వానాని నాకూ, మా రూమ్మేట్‌కీ అప్పగించాడు. ఇగ్వానా అంటే మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లో చెట్ల మీద బతికే పెద్ద బల్లి. పూర్తిగా శాకాహారి. దీని వయసు రెండేళ్ళు, పేరు గోంగూర. రంగు చూసి పెట్టిన పేరే గానీ, అది గోంగూర తినకూడదని తర్వాత తెలిసింది. మా దగ్గరికి వచ్చేసరికే అది జబ్బుగా ఉంది. దాన్ని బతికించే పనిలో ఎనిమిది నెలల్లో మాకు అర్థమైన విషయాలు ఇవి. మీ ఇంట్లో ఇగ్వానా ఉన్నా, తెచ్చుకోవాలని మనసులో ఉన్నా పనికొస్తాయి.

జబ్బు ఎలా కనిపించింది

బల్లి జాతి జంతువులు జబ్బుని దాచుకుంటాయి. అడవిలో నీరసంగా కనబడిన జంతువునే వేటాడే జంతువు ముందు పట్టుకుంటుంది. అందుకని మనకి తేడా కనిపించే సమయానికి లోపల వ్యవహారం చాలా దూరం వెళ్ళి ఉంటుంది.

గోంగూర పైకి ఎక్కడం మానేసింది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. కింది దవడ కొంచెం ఉబ్బి, పక్కకి వంగి ఉంది. ఊరికే కూర్చున్నప్పుడు కూడా వేళ్ళు సన్నగా వణికేవి. తొడలు మాత్రం లావుగా, గట్టిగా ఉండేవి. చూసిన ప్రతి ఒక్కరూ "భలే కండ పట్టిందిరా" అన్నారు. అది కండ కాదు. ఎముకలో కాల్షియం తగ్గిపోతే, ఆ బలహీనమైన ఎముక చుట్టూ శరీరం పీచులాంటి కణజాలాన్ని పేర్చుకుంటుంది. బయటికి బలంగా కనిపించేది నిజానికి జబ్బు లక్షణమే.

కుక్కల్ని, పిల్లుల్ని చూసే డాక్టర్లందరూ బల్లుల్ని చూడరు. ముందే ఫోన్ చేసి "సరీసృపాలకి వైద్యం చేస్తారా" అని అడిగి వెళ్ళాలి. మేము వెళ్ళిన డాక్టర్‌గారు ఎక్స్‌రే తీశారు. ఎముకలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడాల్సింది పోయి, చుట్టూ ఉన్న కండలో కలిసిపోయినట్టు మసగ్గా ఉన్నాయి. జబ్బు పేరు మెటబాలిక్ బోన్ డిసీజ్. పెంపుడు ఇగ్వానాల్లో బాగా కనిపించే జబ్బుల్లో ఇదొకటి.

తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలే నన్ను ఆశ్చర్యపరిచాయి. "ఏ బల్బు వాడుతున్నారు? అది ఎంత ఎత్తులో ఉంది? వెచ్చగా ఉండే చోట ఎన్ని డిగ్రీలు? చల్లగా ఉండే చోట ఎన్ని? ఏం పెడుతున్నారు?" పది ప్రశ్నలు అడిగితే ఎనిమిది పెట్టె గురించే. ఇంజెక్షన్ చేసి, మందు రాసి ఆవిడ ఒక మాట అన్నారు: "పెట్టె మార్చకుండా ఈ మందు ఎంత పోసినా చిల్లుకుండలో నీళ్ళే."

ఎముక ఎందుకు మెత్తబడుతుంది

దీన్ని సిరీస్ సర్క్యూట్ అనుకోండి. తిండిలో కాల్షియం, ఒంటి మీద అతినీలలోహిత కాంతి, చుట్టూ తగినంత వేడి. ఈ మూడూ ఒకే తీగ మీద ఉన్నాయి. ఎక్కడ తెగినా బల్బు వెలగదు.

తిన్న కాల్షియం పేగుల్లోంచి రక్తంలోకి రావాలంటే విటమిన్ డి3 కావాలి. ఇగ్వానా దాన్ని చర్మంలోనే తయారు చేసుకుంటుంది. ఎండలోని యూవీబీ కిరణాలు, అంటే సుమారు 290 నుంచి 315 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి, చర్మంలోని ఒక రకం కొలెస్టరాల్ మీద పడితే డి3కి ముందు రూపం తయారవుతుంది. అది డి3గా మారడానికి ఒంటి వేడి కావాలి. ఆ తర్వాత కాలేయం, మూత్రపిండాలు దాన్ని పనికొచ్చే హార్మోనుగా మారుస్తాయి. అప్పుడు గానీ పేగులు కాల్షియాన్ని సరిగ్గా పీల్చుకోవు.

ఇందులో ఏది ఆగినా రక్తంలో కాల్షియం పడిపోతుంది. గుండె కొట్టుకోవాలన్నా, కండరం కదలాలన్నా రక్తంలో కాల్షియం ఉండాల్సిందే. అందుకని పారాథైరాయిడ్ గ్రంథి ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగి రక్తంలోకి పంపుతుంది. జీతం రాకపోతే ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టి ఇల్లు నడిపినట్టు. దవడ మెత్తబడటం, కాళ్ళు వంకర పోవడం ఆ దశలో జరిగేవే. డిపాజిట్ కూడా అయిపోతే వణుకు మొదలవుతుంది, తర్వాత మూర్ఛ వస్తుంది. వేళ్ళు వణుకుతున్నాయంటే రేపు చూద్దాంలే అనుకునే పరిస్థితి కాదు, అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.

లైటు: కంటికి కనబడేది వేరు, కావాల్సింది వేరు

గోంగూర వచ్చింది మూడడుగుల చేపల అద్దాల తొట్టిలో. పైన ఒక తెల్లటి ఎల్‌ఈడీ. తొట్టిని కిటికీ పక్కన పెట్టేవారు, రోజూ ఎండ పడేది. అమ్మినవాళ్ళు చెప్పిన ఏర్పాటు అదేనట.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. మామూలు ఎల్‌ఈడీ ఎంత వెలుగిచ్చినా అందులో యూవీబీ ఉండదు. ఇక కిటికీ అద్దం వెలుగుని, వేడిని రానిస్తుంది గానీ యూవీబీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. అంటే రోజంతా ఎండలో ఉన్నట్టు కనిపించే ఇగ్వానాకి అసలైన ఎండ ఒక్క నిమిషం కూడా తగలకపోవచ్చు. పైగా అద్దాల తొట్టిని ఎండలో పెడితే అది కాసేపట్లోనే పొయ్యి అవుతుంది. పారిపోవడానికి చోటు లేని జంతువు అందులో నిమిషాల్లో చచ్చిపోగలదు.

మేము సరీసృపాల కోసమే అమ్మే యూవీబీ ట్యూబులైటు పెట్టాం. మూడు సంగతులు గుర్తుంచుకోండి. ఒకటి, ట్యూబుకీ ఇగ్వానా కూర్చునే కొమ్మకీ మధ్య దూరం కంపెనీవాళ్ళు చెప్పినంతే ఉండాలి, దూరం పెరిగేకొద్దీ యూవీబీ వేగంగా పడిపోతుంది. రెండు, మధ్యలో గాజు, ప్లాస్టిక్ ఉండకూడదు. సన్నటి దోమతెర కూడా కొంత మింగేస్తుంది. మూడు, ట్యూబు బాగానే వెలుగుతున్నా అందులోంచి వచ్చే యూవీబీ నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది, మన కంటికి తేడా తెలియదు. అందుకే బిగించిన తేదీని ట్యూబు చివర మార్కర్‌తో రాశాం. రకాన్ని బట్టి ఆరు నెలలకో, ఏడాదికో మార్చేయాలి. రోజుకి పన్నెండు గంటలు టైమర్ మీద నడుస్తుంది.

వీటన్నిటికన్నా మంచిది నిజమైన ఎండ. రోజూ ఉదయం ఇనుప జల్లెడ పంజరంలో బాల్కనీలోకి తీసుకెళ్ళి, సగం నీడ ఉండేలా పైన గుడ్డ కప్పి, ఎదురుగా ఎవరో ఒకరం కూర్చుంటాం. కాకి, పిల్లి రెండూ ప్రమాదమే.

వేడి: ఒకే ఉష్ణోగ్రత పనికిరాదు

పొద్దున్నే ప్రహరీగోడ మీద తొండని చూసే ఉంటారు. ఎండ పొడ పడేచోట కదలకుండా కూర్చుంటుంది. ఒళ్ళు వెచ్చబడ్డాక తిండి వేటకి వెళ్తుంది, మరీ వేడెక్కితే నీడకి పోతుంది. దాని శరీరం వేడిని తయారు చేసుకోదు, చోటు మారడం ద్వారానే ఉష్ణోగ్రతని సరిచేసుకుంటుంది. ఇగ్వానా కూడా అంతే. అమెరికాలో ఫ్లోరిడాలో ఇగ్వానాలు బయటి నుంచి వచ్చి స్థిరపడ్డాయి. అక్కడ చలి బాగా పెరిగితే బిగుసుకుపోయి చెట్ల మీంచి రాలిపడతాయి. 2020 జనవరిలో మయామీలోని వాతావరణ శాఖ "ఇగ్వానాలు పైనుంచి పడొచ్చు, చూసుకోండి" అని ప్రజలకి చెప్పింది కూడా. పడ్డవాటిలో చాలా మటుకు చనిపోయినవి కావు, ఎండ రాగానే లేచి వెళ్ళిపోతాయి.

కాబట్టి పెట్టెలో ఒక చివర వేడిగా, ఇంకో చివర చల్లగా ఉండాలి. మేము పెట్టుకున్న లెక్క: ఎండకాచుకునే కొమ్మ దగ్గర 35 డిగ్రీల సెల్సియస్, చల్లటి వైపు 27 లేదా 28, రాత్రికి 24. వేడి చాలకపోతే తిన్నది అరగదు, డి3 సరిగ్గా తయారవదు, రోగనిరోధక శక్తి కూడా పడిపోతుంది. కాల్షియం లోపం కథలో వేడికి ఇంత పాత్ర ఉందని చాలామందికి తట్టదు.

కొలవకుండా ఏదీ నమ్మలేదు. అద్దానికి అంటించే స్ట్రిప్పు థర్మామీటరు అద్దం వేడిని చెబుతుంది, కొమ్మ దగ్గరి వేడిని కాదు. రెండు డిజిటల్ ప్రోబులు కొన్నాం, రెండు చివరలా ఒక్కోటి. పగలు మామూలు హాలోజెన్ బల్బు, చలికాలం రాత్రుళ్ళకి వెలుగు లేని సెరామిక్ హీటరు. హీటరు థర్మోస్టాట్ మీద నడుస్తుంది. చుట్టూ ఇనుప వల కట్టాం, లేకపోతే ఇగ్వానా దానికి ఆనుకుని కాల్చుకుంటుంది. కింద పెట్టే "హాట్ రాక్" అనే వేడిరాళ్ళ వల్ల కూడా పొట్ట కాలుతుంది, వాటి జోలికి వెళ్ళొద్దు.

ఈసీఈ వాళ్ళకి ఇంకో మాట. థర్మోస్టాట్ సెన్సార్‌ని వైరు టైతో గట్టిగా కట్టండి. అది ఊడి పెట్టె బయట పడితే, గది చలిని చూసి "ఇంకా వేడి కావాలి" అనుకుంటూ హీటర్ని ఆపదు. లోపల జంతువు ఉడికిపోతుంది. హైదరాబాద్ మే నెలలో దీనికి పూర్తిగా ఎదురు సమస్య. పై అంతస్తు గది దానంతటదే 38 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు బల్బు ఆపేసి, యూవీబీ ట్యూబు ఒక్కటే ఉంచి, గదిని చల్లబరచాలి.

పెట్టె ఆకారం

ఇగ్వానా చెట్టు జీవి. దానికి పొడవు కంటే ఎత్తు ముఖ్యం. మనుషులకన్నా కింద ఉంటే అది ఎప్పుడూ భయంలోనే ఉంటుంది. పాత బట్టల బీరువా ఫ్రేము తీసుకుని, తలుపుల స్థానంలో జల్లెడ బిగించి, మూడు పక్కలా చెక్క మూసి కొత్త పెట్టె చేశాం.

అయితే ఎముకలు మెత్తగా ఉన్న జంతువుని ఒకేసారి ఆరడుగుల ఎత్తుకి ఎక్కనిస్తే, కిందపడి కాలు విరుగుతుంది. అందుకే మొదటి రెండు నెలలు కొమ్మలన్నీ అడుగు ఎత్తులోనే కట్టాం, కింద మడతపెట్టిన తువ్వాళ్ళు పరిచాం. బల్బుల్ని కూడా ఆ మేరకి దించాం. పట్టు దొరికేకొద్దీ నెలకి కొంచెం చొప్పున అన్నీ పైకి జరిపాం.

తిండి: మన పెరట్లోనే ఉంది

గోంగూరకి అప్పటిదాకా పెట్టినవి పాలకూర, అరటిపండు. పాలకూరలో కాల్షియం ఉంది నిజమే, కానీ దానిలోని ఆక్సలేట్లు ఆ కాల్షియాన్ని కట్టిపడేస్తాయి, ఒంటికి అందనివ్వవు. అరటిపండులో కాల్షియం కంటే భాస్వరం ఎక్కువ. భాస్వరం ఎక్కువైతే కాల్షియం అందడం ఇంకా తగ్గుతుంది. తిండిలో కాల్షియం, భాస్వరం నిష్పత్తి కనీసం 2:1 ఉండాలనేది డాక్టర్లు చెప్పే లెక్క.

ఈ లెక్కలో మన మునగాకుకి తిరుగులేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టిక ప్రకారం 100 గ్రాముల మునగాకులో కాల్షియం 440 మిల్లీగ్రాములు, భాస్వరం 70. అంటే 6:1 పైనే. మనం ఆషాఢంలో గుర్తొచ్చి వండుకునే ఆకు దీనికి ఏడాది పొడవునా పనికొస్తుంది. అవిశాకు, మల్బరీ ఆకులు కూడా మంచివే. మందార ఆకులు, పువ్వులు ఇగ్వానాలకి ప్రాణం. నోరు నొప్పిగా ఉన్న రోజుల్లో గోంగూర తిన్నది మందారపువ్వు ఒక్కటే. వీటికి తోడు సొరకాయ, గుమ్మడికాయ, బీరకాయ తురుము కొంచెం, ఎప్పుడైనా ఒక బొప్పాయి ముక్క. దవడ మెత్తగా ఉన్నప్పుడు అన్నీ సన్నగా తరిగి పెట్టాలి, ఆకుని చింపే బలం దానికి ఉండదు.

పాలకూర, తోటకూర, గోంగూర రోజువారీ తిండి కాకూడదు. గుడ్డు, మాంసం, కుక్కల తిండి, పాలు, అన్నం అసలే వద్దు. జంతు మాంసకృత్తులు ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. రోడ్డు పక్క మొక్కల ఆకులకి పురుగుమందు, పొగ పట్టి ఉంటాయి, తెలిసినవాళ్ళ పెరటివే తెచ్చి కడిగి వాడండి.

నీళ్ళు, తుమ్ములు

అడవిలో ఇగ్వానాకి నీళ్ళు చాలావరకు ఆకుల్లోంచి, వానచుక్కల్లోంచి అందుతాయి. రోజుకి రెండుసార్లు ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తాం, వారానికి కొన్నిసార్లు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట కూర్చోబెడతాం. నీళ్ళు భుజాలు దాటకూడదు. ఆ టబ్బు దానికే వేరుగా ఉండాలి.

అది తుమ్ముతుంది, జల్లెడ మీద తెల్లటి మరకలు పడతాయి. మొదటిసారి చూస్తే జలుబని కంగారు పడతాం. అది ఉప్పు. ఒంట్లో ఎక్కువైన ఉప్పుని ముక్కులోని గ్రంథి ద్వారా బయటికి తుమ్మేయడం ఇగ్వానాలకి సహజం. నోరు తెరిచి ఊపిరి తీసుకోవడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో టిక్కుటిక్కుమనే శబ్దం ఉంటే మాత్రం అది ఊపిరితిత్తుల జబ్బు కావచ్చు, డాక్టర్ చూడాలి.

మన ఆరోగ్యం సంగతి కూడా చెప్పాలి. సరీసృపాల పేగుల్లో సాల్మొనెల్లా ఉండొచ్చు. దానికి జబ్బు లేకపోయినా మనకి వాంతులు, విరేచనాలు రావచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి. దాని గిన్నెలు వంటగది సింకులో కడగకూడదు. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో పెంచకపోవడమే మంచిది.

మందు విషయంలో

మందులన్నీ డాక్టర్ రాసిన మోతాదులోనే. మనుషుల కాల్షియం, విటమిన్ డి బిళ్ళలు పొడిచేసి పెట్టమని సలహాలిచ్చేవాళ్ళుంటారు, వినొద్దు. డి3 ఎక్కువైతే కాల్షియం వెళ్ళి రక్తనాళాల్లో, మూత్రపిండాల్లో పేరుకుంటుంది. అది లోపం కంటే మొండి జబ్బు. ఎత్తేటప్పుడు ఛాతీ, పొట్ట కింద రెండు చేతులూ పెట్టి ఎత్తాలి. తోక పట్టుకుంటే తోక తెగి చేతిలోకొస్తుంది, కాలు పట్టుకుంటే కాలు విరుగుతుంది.

వణుకు మొదటి వారంలోనే ఆగింది. తానంతట తాను తినడానికి మూడు వారాలు పట్టింది. మూడో నెలలో వెనక కాళ్ళ మీద బరువు మోపింది. వంటింటి త్రాసు మీద ప్రతి ఆదివారం తూచేవాళ్ళం, 380 గ్రాములతో మొదలై ఎనిమిదో నెలకి 610కి వచ్చింది. ఇప్పుడు బీరువా పైకొమ్మ దాకా ఎక్కుతుంది. రెండో ఎక్స్‌రేలో ఎముకలు తెల్లబడ్డాయి. కానీ దవడ వంకర అలాగే ఉంది, ఎప్పటికీ ఉంటుందట. మెత్తబడినప్పుడు వంగిన ఎముక, గట్టిపడ్డాక కూడా అదే వంకరలో నిలిచిపోతుంది. ఆలస్యానికి ధర అది. కట్టింది మాత్రం ఆ జంతువే.

తెచ్చుకునే ముందు

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందో లేదో గానీ, జానెడు ఇగ్వానా ముదిరితే తోకతో కలిపి ఐదారు అడుగులవుతుంది. బాగా చూసుకుంటే 15, 20 ఏళ్ళు బతుకుతుంది. అంటే బీటెక్ కంటే, మొదటి ఉద్యోగం కంటే, బహుశా మొదటి ఇంటి లోన్ కంటే కూడా పొడుగు. కొనే ముందు ధర ఎంతని కాకుండా, ఇరవై ఏళ్ళలో మీరు ఎన్ని ఊళ్ళు మారతారని లెక్కేయండి.

చట్టం కూడా చూడాలి. ఆకుపచ్చ ఇగ్వానా అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం, ఇలాంటి జంతువు మన దగ్గర ఉందని, చేతులు మారిందని, పిల్లలు పుట్టాయని, చనిపోయిందని ప్రతిదీ ప్రభుత్వానికి తెలియజేయాలి. నమోదు పరివేష్ పోర్టల్‌లో జరుగుతుంది. ఆ కాగితాలు చూపించలేని వాళ్ళ దగ్గర కొనకండి. మన ఊళ్ళల్లో దొరికే ఉడుముని పట్టి పెంచడం నేరం, అది చట్టంలో మొదటి షెడ్యూల్ జంతువు. పెంచలేకపోతే ఇగ్వానాని చెరువు గట్టున వదిలేయడం కూడా దయ కాదు. ఫ్లోరిడా సమస్యలో అలా వదిలేసిన పెంపుడు ఇగ్వానాలకీ వాటా ఉంది.

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మా దాంట్లో ఐదు గడులే ఉంటాయి: బరువు, వేడివైపు ఉష్ణోగ్రత, చల్లటివైపు ఉష్ణోగ్రత, ఏం తిన్నది, మలవిసర్జన ఎలా ఉంది. మొదటి పేజీ మీద యూవీబీ ట్యూబు బిగించిన తేదీ. వచ్చే ఏడాది నేను ఈ ఊరు విడిచి వెళ్తాను, గోంగూర మా రూమ్మేట్ దగ్గరే ఉంటుంది. వాడికి నేను చెప్పాల్సిందంతా అందులో ఉంది. ట్యూబు మార్చాల్సింది నవంబర్‌లో.